వలస పాలనలో డబ్బు ఎవరి చేతిలో ఉండేది? తరచుగా అడిగే ప్రశ్నలు

స్కూల్లో మనకు "సంపద తరలింపు" అని ఒక్క మాట చెప్పి వదిలేశారు. ఎలా తరలింది? మూటలు కట్టి ఓడలకెక్కించారా? ఈ మాట ఎత్తినప్పుడల్లా ఇలాంటి ప్రశ్నలే మళ్ళీ మళ్ళీ వస్తుంటాయి, అందుకే నాకు తెలిసినంతలో జవాబులన్నీ ఒకచోట రాస్తున్నాను. కొన్ని జవాబులు పొడుగ్గా ఉంటాయి, ఓపిగ్గా చదవండి, ఎందుకంటే అసలు కిటుకు వివరాల్లోనే ఉంది.

వలస కరెన్సీ అంటే ఏమిటి? ప్రతి రాజ్యానికీ డబ్బు ఉంటుంది కదా?

ఉంటుంది. విజయనగరమూ నాణేలు వేసింది, మొఘలులూ వేశారు, వాళ్ళూ పన్నులు పిండారు. కానీ వలస దేశంలో చెలామణీ అయ్యే డబ్బు గురించి నిర్ణయాలు తీసుకునేవాళ్ళు ఆ దేశంలో ఉండరు, ఆ నిర్ణయాల వల్ల కష్టం వస్తే వాళ్ళకు తగలదు. ఏ వలస కరెన్సీ గురించి చదివినా నేను ముందు మూడు సంగతులు వెతుకుతాను. పన్ను ఏ డబ్బులో కట్టమన్నారు? ఆ డబ్బుకు దన్నుగా ఉండే నిల్వలు ఎక్కడ దాచారు? మారకపు రేటు ఎవరు ఖాయం చేశారు? ఈ మూడూ తెలిస్తే, అక్కడ జెండా ఎవరిది ఎగిరినా పెత్తనం ఎవరిదో తెలిసిపోతుంది.

అంతకుముందు గవ్వలు, వరహాలు ఉండేవి కదా, అవన్నీ ఏమయ్యాయి?

"చేతిలో చిల్లిగవ్వ లేదు" అని ఇప్పటికీ అంటాం. గవ్వ నిజంగానే డబ్బుగా చెల్లిన రోజుల జ్ఞాపకం ఆ మాట. మాల్దీవుల నుంచి ఓడల్లో వచ్చిన గవ్వలు బెంగాల్లో, ఒడిశాలో చిన్న చిన్న లావాదేవీలన్నిటికీ ఆధారం. 1803లో ఈస్టిండియా కంపెనీ ఒడిశాను పట్టుకున్నాక శిస్తు వెండి రూపాయల్లోనే కట్టాలంది. గవ్వలతో బతికే ఊరు వెండి ఎక్కడ తెస్తుంది? డబ్బు మార్చే సరాఫు దగ్గరికి వెళ్ళాలి, అతను చెప్పిన రేటుకు మార్చుకోవాలి, కట్టాల్సిన రూపాయి మారకపోయినా దానికి పోయాల్సిన గవ్వలు మాత్రం పెరుగుతూ పోతాయి. 1817లో ఖుర్దాలో బక్షీ జగబంధు నాయకత్వంలో పైకలు, అంటే భూములు పొంది రాజుకు సైనికులుగా పనిచేసిన రైతులు, తిరగబడ్డారంటే, భూములు పోవడం, ఉప్పు ధర పెరగడంతో పాటు ఈ గవ్వల బాధ కూడా ఒక కారణం.

మద్రాసు ప్రెసిడెన్సీలో 1818 దాకా వరహా అనే బంగారు నాణెమే ప్రమాణం. ఆ ఏడాది దాని స్థానంలో వెండి రూపాయి పెట్టారు, 100 వరహాలకు 350 రూపాయల లెక్కన. 1835లో కంపెనీ ఏలుబడి అంతటికీ ఒకే రూపాయి వచ్చింది, 180 గ్రెయిన్ల బరువు, అందులో 165 గ్రెయిన్లు మేలిమి వెండి, పైన ఇంగ్లండ్ రాజు నాలుగో విలియం బొమ్మ. అంతవరకు కంపెనీ చాలా నాణేల మీద మొఘల్ చక్రవర్తి పేరే వేసేది. ఒకే రూపాయి వల్ల వ్యాపారికి వట్టం, అంటే నాణేలు మార్చినప్పుడల్లా కోసుకునే తరుగు, బాధ తగ్గిన మాట నిజం, దాన్ని కాదనను. దాంతో పాటే దేశం మొత్తం డబ్బుకు ఒకే మీట తయారైంది, అది కలకత్తాలో, తర్వాత లండన్లో ఉంది.

కొత్త డబ్బు మాకొద్దు అంటే సరిపోయేది కదా, జనం ఎందుకు తీసుకున్నారు?

నాకు అన్నిటికంటే ముఖ్యంగా అనిపించే ప్రశ్న ఇదే.

సొంత పొలం, పశువులు, ఇల్లు అన్నీ ఉన్న మనిషికి దొరగారి నాణెంతో పనేముంది? ఏమీ లేదు. ఆ పని కల్పించడానికే పన్ను వేశారు. దక్షిణాఫ్రికాలోని నాటాల్‌లో 1849లో ఒక్కో గుడిసెకు 7 షిల్లింగుల పన్ను వేశారు (ఇంగ్లీషు డబ్బులో 12 పెన్నీలు ఒక షిల్లింగు, 20 షిల్లింగులు ఒక పౌండు). ఎవరికైనా షిల్లింగులు కావాలంటే దొరికే చోట్లు రెండే: తెల్లవాళ్ళ తోటలో, గనిలో కూలికి పోవాలి, లేదా వాళ్ళు కొనే పంటో పశువో అమ్మాలి. కేప్ కాలనీలో సెసిల్ రోడ్స్ ప్రధానిగా ఉండగా 1894లో తెచ్చిన గ్లెన్ గ్రే చట్టంలో ఈ ఆలోచన ఏ ముసుగూ లేకుండా కనిపిస్తుంది. ఏడాదిలో మూడు నెలలు బయట కూలికి వెళ్ళని మగవాడి మీద 10 షిల్లింగుల పన్ను పెట్టారు అందులో. మడగాస్కర్‌ను ఫ్రాన్సు ఆక్రమించుకున్నాక జనరల్ గాలియెనీ తల పన్ను వేసి, దానికి జనాన్ని పనిమంతుల్ని చేసి నీతి నేర్పే పన్ను అని పేరు పెట్టాడు. అప్పటిదాకా తమ బతుకు తాము బతుకుతున్న రైతులకు పని నేర్పుతాడట!

అడ్డం తిరిగినవాళ్ళూ ఉన్నారు. 1898లో సియెరా లియోన్‌లో బాయ్ బురే నాయకత్వంలో జరిగినదాన్ని చరిత్రలో గుడిసె పన్ను యుద్ధం అనే అంటారు. 1906లో నాటాల్‌లో ఒక్కో మగవాడికి ఒక పౌండు తల పన్ను వేస్తే బంబాతా అనే జులూ నాయకుడు తిరగబడ్డాడు, ఆ అణచివేతలో 3,000 మందికి పైగా జులూలు చనిపోయారు. ఒక పౌండు పన్ను కోసం!

కాబట్టి "డబ్బు చెల్లుబాటు కావడానికి కారణం నమ్మకం" అని ఎవరైనా చెబితే నాకు ఈ గుడిసెలు గుర్తొస్తాయి. వలసల్లో చాలాచోట్ల డబ్బు చెల్లింది పన్ను కట్టకపోతే వచ్చే పోలీసు వల్ల.

మన దగ్గర మాత్రం డబ్బు రూపంలో శిస్తు ముందు నుంచీ ఉంది కదా?

ఉంది, మొఘలుల కాలంలోనూ చాలాచోట్ల రొక్కంగా వసూలు చేశారు. అయితే పంట పోయినప్పుడు, ధర పడినప్పుడు తగ్గించి తీసుకోవడం, కొంత ధాన్యంగా తీసుకోవడం లాంటి సర్దుబాట్లు ఉండేవి. కంపెనీ వచ్చాక లెక్క బిగుసుకుంది. దత్తమండలాల్లో థామస్ మన్రో పెట్టిన రైత్వారీలో రైతు నేరుగా సర్కారుకే కిస్తు కట్టాలి, రూపాయల్లో, గడువు లోపల. 1820ల చివరి నుంచి 1850ల దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ధాన్యం ధరలు పడిపోయి ఉన్నాయి, శిస్తు రేట్లేమో ధరలు బాగున్న రోజుల్లో కట్టినవి. అదే కిస్తు కోసం రైతు ఎక్కువ బస్తాలు అమ్మాలి. అందరికీ గడువు ఒకేసారి కాబట్టి అందరూ ఒకేసారి అమ్ముతారు, ధర ఇంకా పడుతుంది, మిగిలిన తేడాకు షావుకారు ఉండనే ఉన్నాడు.

బంగారం మూటలు కట్టి పంపకపోతే మరి సంపద ఎలా వెళ్ళింది?

కౌన్సిల్ బిల్లుల ద్వారా. ఇది కొంచెం నిదానంగా చదవాలి.

ఒక లండన్ వ్యాపారి భారతదేశం నుంచి పత్తి కొనాలనుకున్నాడు అనుకుందాం. మామూలుగా అయితే అతను బంగారమో వెండో ఇక్కడికి పంపాలి, దేశంలోకి ఆ సొమ్ము రావాలి. అలా కాకుండా అతను లండన్లోనే ఉన్న భారత వ్యవహారాల మంత్రి ఆఫీసుకు పౌండ్లు కట్టి కౌన్సిల్ బిల్లు అనే కాగితం కొనుక్కుంటాడు. దాన్ని ఇక్కడికి పంపుతాడు. అమ్మినవాడు ఆ కాగితాన్ని కలకత్తాలోనో బొంబాయిలోనో మద్రాసులోనో ఖజానాకు తీసుకెళ్తే రూపాయలు ఇస్తారు. ఆ రూపాయలు ఎక్కడివి? రైతు కట్టిన శిస్తు, ఉప్పు పన్ను.

అంటే, పత్తి పండించినవాడికి వచ్చిన సొమ్ము అతనూ అతని పక్కవాడూ పన్నుగా కట్టినదే. పౌండ్లు మాత్రం లండన్లోనే ఆగిపోయాయి. నేను ఇది మొదటిసారి అర్థం చేసుకున్నప్పుడు పుస్తకం మూసి చాలాసేపు అలాగే కూర్చున్నాను. ఓడ ఎక్కినవి పత్తి బేళ్ళు మాత్రమే, ఎదురుగా ఏమీ రాలేదు, అయినా ఖాతాల్లో అంతా సవ్యంగానే ఉంది, అమ్మినవాడికి డబ్బు ముట్టింది, కొన్నవాడు డబ్బు కట్టాడు, ఎక్కడా దొంగతనం కనిపించదు.

లండన్లో ఆగిన పౌండ్లతో "హోమ్ ఛార్జీలు" కట్టేవాళ్ళు. భారత ప్రభుత్వం పేరు మీద చేసిన అప్పుల వడ్డీ, రైల్వే కంపెనీలకు హామీ ఇచ్చిన వడ్డీ, రిటైరయి ఇంగ్లండ్ వెళ్ళిన అధికారుల పింఛన్లు, సైన్యం ఖర్చులు, చాలాకాలం పాటు ఆ మంత్రి ఆఫీసు జీతాలు కూడా. దాదాభాయి నౌరోజీ ఏళ్ళ తరబడి సర్కారు లెక్కలే తిరగేసి చెప్పింది దీని గురించే.

మొత్తం 45 ట్రిలియన్ డాలర్లు దోచారంటారు, నిజమా?

ఆ అంకె ఆర్థికవేత్త ఉత్సా పట్నాయక్ 2018లో ప్రచురించిన అంచనా. 1765 నుంచి 1938 దాకా ఏటా దేశానికి దక్కకుండా పోయిన ఎగుమతి మిగులు లెక్కగట్టి, దాని మీద 5 శాతం చక్రవడ్డీ వేస్తే వచ్చిన మొత్తం. వడ్డీ రేటు కొంచెం మారిస్తే అంకె విపరీతంగా మారుతుంది, అందుకే దాని మీద వాదోపవాదాలు ఉన్నాయి. వాట్సాప్‌లో ఆ అంకె ఒక్కటే తిరగడం నాకు నచ్చదు. ఎవరైనా వడ్డీ లెక్క తప్పంటే మొత్తం వాదనే కూలిపోయినట్టు అవుతుంది, కౌన్సిల్ బిల్లు ఎలా పనిచేసిందో తెలిసిన మనిషిని మాత్రం అలా తోసిపుచ్చలేరు.

1893లో టంకశాలలు ఎందుకు మూశారు?

అప్పటిదాకా ఎవరైనా వెండి తీసుకెళ్ళి టంకశాలలో ఇస్తే, కొద్ది రుసుముతో రూపాయలు కొట్టి ఇచ్చేవాళ్ళు. 1870లలో జర్మనీ, తర్వాత మిగతా యూరప్ దేశాలు వెండి వదిలి బంగారానికి మారాయి. వెండి ధర పడింది, దాంతో రూపాయీ పడింది, సుమారు 2 షిల్లింగుల నుంచి 1892–93 నాటికి 1 షిల్లింగు 3 పెన్సుల చుట్టుపక్కలకి. హోమ్ ఛార్జీలు పౌండ్లలో కట్టాలి కాబట్టి సర్కారుకు టెన్షన్ మొదలైంది, అవే పౌండ్లకు ఎక్కువ రూపాయలు కావాల్సి వచ్చాయి. జీతం రూపాయల్లో తీసుకుని ఇంటికి డబ్బు పంపే ఇంగ్లీషు అధికారులూ గోల పెట్టారు.

హెర్షెల్ కమిటీ సలహాతో 1893 జూన్ 26న జనం తెచ్చే వెండికి టంకశాలలు మూసేశారు. రూపాయి కొరత పుట్టించి, ధర పెంచి, 1 షిల్లింగు 4 పెన్సుల దగ్గర నిలబెట్టారు, అంటే ఒక పౌండుకు 15 రూపాయలు. రూపాయి విలువ దానిలోని వెండి కంటే ఎక్కువైపోయింది.

ఇందులో నష్టపోయిందెవరు? కాళ్ళ కడియాలు, మొలతాడు, దండ కడియాలు చేయించుకుని అవే బ్యాంకు అనుకున్న పల్లె జనం. అంతకుముందు ఆ వెండి దాదాపు రూపాయితో సమానం, కరువొస్తే తూకం ప్రకారం డబ్బయ్యేది. టంకశాల మూశాక వెండి ఒక లోహం, రూపాయి వేరే సంగతి. 1896–97లో, మళ్ళీ 1899–1900లో పెద్ద కరువులు వచ్చాయి, అమ్ముకోవడానికి తెచ్చిన వెండికి పాత లెక్కలో రూపాయలు రాలేదు. కిస్తు కట్టడానికి మాత్రం రూపాయే కావాలి.

1 షిల్లింగు 4 పెన్సులా, 6 పెన్సులా అని గాంధీ దాకా ఎందుకు గొడవ పడ్డారు? రెండు పెన్నీలే కదా?

లెక్క వేసి చూడండి. లండన్లో 100 పౌండ్లకు సరుకు అమ్మారు. 100 పౌండ్లంటే 24,000 పెన్నీలు. రూపాయి విలువ 1 షిల్లింగు 4 పెన్సులు, అంటే 16 పెన్నీలైతే ఇక్కడ 1,500 రూపాయలు వస్తాయి. 18 పెన్నీలైతే 1,333 రూపాయలే. సరుకు అదే, శ్రమ అదే, శిస్తు, అప్పు, వడ్డీ రూపాయల్లో కాబట్టి అవీ అవే. రైతు చేతికి వచ్చేది మాత్రం తగ్గింది. ఇక ఇంగ్లండ్ నుంచి వచ్చే బట్ట ఇక్కడ చవకైంది, పౌండ్లలో కట్టాల్సిన హోమ్ ఛార్జీలు సర్కారుకు తేలికయ్యాయి. ఎవరి వైపు మొగ్గిందో ఇంకా చెప్పాలా?

1926లో రూపాయి సంగతి తేల్చడానికి వేసిన హిల్టన్ యంగ్ కమిషన్ 18 పెన్నీలు సిఫారసు చేసింది. అందులో సభ్యుడైన పురుషోత్తందాస్ ఠాకూర్‌దాస్ ఒప్పుకోకుండా 16 పెన్నీలే ఉండాలని విడిగా రాశాడు. 1927లో చట్టం చేసి 18కే ఖాయం చేశారు. 1930 జనవరిలో గాంధీ పెట్టిన పదకొండు కోరికల్లో ఉప్పు పన్ను రద్దు, భూమి శిస్తు సగానికి తగ్గింపుతో పాటు రూపాయిని 1 షిల్లింగు 4 పెన్సులకు తేవాలన్నదీ ఒకటి. ఉప్పు మన పాఠాల్లో మిగిలింది, ఇది మిగల్లేదు.

ఆ తర్వాత ప్రపంచ మాంద్యంలో పంటల ధరలు దాదాపు సగానికి పడ్డాయి. 1931 సెప్టెంబరులో ఇంగ్లండ్ బంగారు ప్రమాణం (డబ్బుకు ఖాయమైన రేటుకు బంగారం ఇచ్చే పద్ధతి) వదిలేసి తన పౌండును పడనిచ్చింది, మన రూపాయిని మాత్రం తన పౌండుకే అదే 18 పెన్నీల రేటుతో కట్టేసింది. బంగారం ధర పెరిగింది, పల్లెల్లో అప్పులు మెడ మీదికొచ్చాయి, తరతరాలుగా దాచుకున్న బంగారం బయటికొచ్చి ఓడలెక్కింది. ఎప్పుడూ బంగారం కొనే దేశం ఆ ఏళ్ళలో బంగారం అమ్మే దేశమైంది. ఆడవాళ్ళ మెడల్లోంచి వెళ్ళిన ఆ బంగారం ఇంగ్లండ్ పౌండుకు ఆ గడ్డుకాలంలో ఊతమైంది.

కరెన్సీ బోర్డు అంటే?

రిజర్వు బ్యాంకు లాంటిది కాదు. ఎన్ని పౌండ్లు వస్తే అన్ని స్థానిక నోట్లు ఇచ్చే కౌంటర్ అనుకోండి. నైజీరియా, గోల్డ్ కోస్ట్ (ఇప్పటి ఘానా), సియెరా లియోన్, గాంబియాల కోసం 1912లో పశ్చిమాఫ్రికా కరెన్సీ బోర్డు పెట్టారు, ఆఫీసు లండన్లో. బోర్డు ఇచ్చిన డబ్బుకు దన్నుగా ఉండే సొమ్మంతా లండన్లో, ఎక్కువగా ఇంగ్లండ్ సర్కారు బాండ్లలోనో సామ్రాజ్యంలోని ఇతర సర్కార్ల బాండ్లలోనో. కోకో పండించిన గోల్డ్ కోస్ట్ రైతు ఊళ్ళో వాడకానికి ఒక పౌండు నోటు కావాలంటే, ముందు ఆ దేశం ఒక పౌండు సంపాదించి లండన్లో పెట్టాలి. రోడ్డుకో బడికో మిల్లుకో అప్పు పుట్టించే అధికారం ఆ బోర్డుకు లేదు. పేద దేశం ధనిక దేశానికి తక్కువ వడ్డీకి అప్పిస్తున్నట్టే లెక్క.

కానీ ధరలు స్థిరంగా ఉండేవి కదా? సొంత కరెన్సీ వచ్చాక ఎన్ని దేశాలు మునిగిపోలేదు?

న్యాయమైన ప్రశ్న. నోట్లు ఇష్టమొచ్చినట్టు అచ్చేసే వీలు లేదు కాబట్టి మామూలు రోజుల్లో వలస కరెన్సీలు నిలకడగానే ఉండేవి. స్వాతంత్ర్యం వచ్చాక ఘానా లాంటి దేశాలు ద్రవ్యోల్బణంతో చాలా బాధలు పడ్డాయి, సొంత పాలకుల తప్పులు చాలా ఉన్నాయి, వాటిని దాచకూడదు. నేను అడిగేది ఒకటే: ఆ నిలకడకు ఖరీదు ఎవరు కట్టారు? కోకో ధర పడిన ఏడాది దేశంలో డబ్బే తగ్గిపోతుంది, కూలి తగ్గుతుంది, పన్ను తగ్గదు. ఇంగ్లండ్ మాత్రం 1931లో తన ఇంట్లో కష్టమొచ్చినప్పుడు తన పౌండు విలువను తానే తగ్గించుకుంది. ఆ వెసులుబాటు వలసలకు లేదు.

రెండో ప్రపంచ యుద్ధంలో ఇంగ్లండే మనకు బాకీ పడిందంటారు, అదెలా?

యుద్ధానికి కావాల్సిన బట్టలు, ధాన్యం, సైనికుల తిండి, రవాణా ఇక్కడ నుంచి తీసుకున్నారు. ఇంగ్లండ్ తన వాటా సొమ్మును లండన్లో ఒక ఖాతాలో పౌండ్లుగా రాసేది, ఆ రాత చూపించి రిజర్వు బ్యాంకు ఇక్కడ రూపాయి నోట్లు అచ్చేసేది. ఆ పౌండ్లు యుద్ధం అయ్యేదాకా వాడుకోవడానికి లేదు. అంటే సరుకు వెళ్ళిపోయింది, నోట్లు పెరిగాయి, కొనడానికి బజారులో వస్తువు లేదు. 1939తో పోలిస్తే 1945 నాటికి చెలామణీలో ఉన్న నోట్లు ఆరు రెట్లు దాటాయి.

1943 బెంగాల్ కరువుకు కారణాలు చాలా ఉన్నాయి: బర్మా జపాన్ చేతిలో పడిపోయి బియ్యం ఆగిపోవడం, 1942 అక్టోబరు తుఫాను, జపాన్‌కు చిక్కకూడదని పడవలు లాక్కోవడం, సర్కారు చేతకానితనం, నిర్లక్ష్యం. వీటన్నిటితో పాటు ఈ నోట్ల వరద. కలకత్తాలో యుద్ధం పనుల్లో జీతాలున్నవాళ్ళు పెరిగిన ధరకైనా బియ్యం కొనగలిగారు, పల్లెలో భూమి లేని కూలీ, జాలరి కొనలేకపోయారు. 20 నుంచి 30 లక్షల మంది పోయారు. యుద్ధం ఖర్చుకు పన్ను వేసి ఉంటే ఎవరు ఎంత కడుతున్నారో కాగితం మీద కనిపించేది. ధరల రూపంలో వేసిన ఈ పన్నును ఆకలితో చనిపోయినవాళ్ళు కట్టారు, ఏ బడ్జెట్లోనూ వాళ్ళ లెక్క లేదు. ఈ ముక్క రాస్తుంటే ఇప్పటికీ చేయి ఆగుతుంది.

ఆ బాకీ తిరిగొచ్చిందా?

యుద్ధం ముగిసేసరికి లండన్లో మన ఖాతాలో సుమారు 130 కోట్ల పౌండ్లు ఉన్నాయి. అంతా ఒక్కసారి ఇవ్వలేదు, 1947 నుంచి ఒప్పందాల మీద ఒప్పందాలు చేసుకుని విడతలుగా వదిలారు. పాకిస్తాన్ వాటా పోయింది, ఇంగ్లీషు అధికారుల పింఛన్లకు, వాళ్ళు ఇక్కడ వదిలి వెళ్ళిన సైనిక సామగ్రికి కూడా అందులోంచే కట్టుకున్నారు. 1949 సెప్టెంబరులో పౌండు విలువను 4.03 డాలర్ల నుంచి 2.80కి తగ్గించారు, ఇంకా అక్కడే ఉన్న మన సొమ్ముకు డాలర్ల లెక్కలో అంత కోత పడింది. మిగిలింది మన తొలి ప్రణాళికలకు పనికొచ్చిందన్నదీ నిజమే.

నిజాం రాజ్యానికి సొంత డబ్బు ఉండేది కదా?

ఉండేది. హాలీ సిక్కా, తర్వాత ఉస్మానియా సిక్కా అనేవాళ్ళు, నాణేల మీద చార్మినార్. బ్రిటిష్ ఇండియా రూపాయిని బీజీ (బ్రిటిష్ గవర్నమెంట్) అనీ, దీన్ని ఓఎస్ (ఉస్మానియా సిక్కా) అనీ అనడం పాత దస్తావేజుల్లో కనిపిస్తుంది. మామూలు లెక్క 6 బీజీ రూపాయలకు 7 ఓఎస్. 1918లో వెండి కొరత వచ్చినప్పుడు హైదరాబాద్ సొంత నోట్లు కూడా వేసింది. నాణెం వేయడంలో వచ్చే లాభం రాజ్యంలోనే మిగిలేది, అది చిన్న విషయం కాదు. పక్కనున్న పెద్ద రూపాయి మీద ఆధారపడక మాత్రం తప్పలేదు. 1948లో హైదరాబాద్ ఇండియాలో కలిశాక కూడా ఈ సిక్కా కొన్నేళ్ళు నడిచింది, పూర్తిగా పోయింది 1959లో.

ఇంగ్లండ్, ఫ్రాన్సులే ఇలా చేశాయా?

లేదు. 1905లో జపాన్ సలహాదారు మెగాటా కొరియాలో నాణేలు మార్చాడు. జనం చేతిలోని నికెల్ నాణేలను మంచివి, ఓ మోస్తరువి, పనికిరానివి అని విడదీసి, మంచివాటికే పూర్తి విలువ ఇచ్చారు, పనికిరావన్నవాటిని తీసుకోనే లేదు. కొరియా వర్తకులు చాలామంది ఆ దెబ్బకు దివాలా తీశారు, అయిదేళ్ళలో దేశమే జపాన్ది అయిపోయింది. అమెరికా 1903లో ఫిలిప్పీన్స్‌కు అర డాలరు విలువతో పెసో పెట్టింది. అదే అమెరికా తాను వలసగా ఉన్నప్పుడు, 1764లో ఇంగ్లండ్ చట్టం చేసి వలసల నోట్లు అప్పుల చెల్లింపుకు చెల్లకుండా చేస్తే మండిపడింది.

సీఎఫ్ఏ ఫ్రాంక్ ఇంకా ఉందా?

ఉంది. ఫ్రాన్సు తన ఆఫ్రికా వలసలకు పెట్టిన డబ్బు ఇది, ఆఫ్రికాలో 14 దేశాలు వాడుతున్నాయి. 1945 డిసెంబరు 26న పుట్టింది, ఆ మూడక్షరాలకు అప్పటి అర్థం "ఆఫ్రికాలోని ఫ్రెంచి వలసలు". వలసలు పోయాక అక్షరాలు అలాగే ఉంచి అర్థం మార్చారు. విలువ మొదట ఫ్రెంచి ఫ్రాంక్‌కు, 1999 నుంచి యూరోకు కట్టేసి ఉంది, ఒక యూరోకు 655.957. ఆ రేటు నిలబెడతానని ఫ్రాన్సు హామీ, బదులుగా ఆ దేశాలు తమ విదేశీ నిల్వల్లో పెద్ద భాగం ఫ్రెంచి ఖజానాలో ఉంచాలి, మొదట్లో మొత్తం, తర్వాత 65 శాతం, ఆపైన 50 శాతం.

1994 జనవరిలో దీని విలువ రాత్రికి రాత్రి సగానికి తగ్గించారు. అంతవరకు ఒక ఫ్రెంచి ఫ్రాంక్‌కు 50, తెల్లారేసరికి 100. బయటి నుంచి వచ్చే మందు బిళ్ళకు, బియ్యానికి రెట్టింపు కట్టాలి. సంతకాలు డకార్లో ఆఫ్రికా నాయకులే పెట్టారు, పారిస్ ఒత్తిడి ఎంతుందో అందరికీ తెలుసు.

2019 డిసెంబరులో పశ్చిమాఫ్రికా దేశాలకు ఆ ఖజానా షరతు తీసేస్తున్నట్టు, పేరు "ఎకో"గా మారుస్తున్నట్టు ఫ్రాన్సు అధ్యక్షుడు మాక్రాన్, ఐవరీ కోస్ట్ అధ్యక్షుడు ఔతారా అబిజాన్‌లో ప్రకటించారు. పశ్చిమాఫ్రికాకు నిల్వల షరతు పోయింది. యూరోతో ముడి అలాగే ఉంది, పేరూ ఇంకా మారలేదు. ఫ్రెంచి వలస కాని గినీ బిసావు, ఈక్వటోరియల్ గినీ కూడా తర్వాత కావాలనే ఇందులో చేరాయని మర్చిపోకూడదు. సొంత కరెన్సీతో పడ్డ పాట్లు వాళ్ళను అటు నడిపించాయి.

బయటికి వచ్చినవాళ్ళకు ఏమైంది?

గినీ 1958లో ఫ్రాన్సు నాయకుడు డిగాల్ పెట్టిన ప్రజాభిప్రాయ సేకరణలో "వద్దు" అంది, 1960లో సొంత ఫ్రాంక్ తెచ్చుకుంది. ఫ్రెంచి గూఢచారులు నకిలీ గినీ నోట్లు దేశంలోకి వదిలారని ఆ పనుల్లో ఉన్న మాజీ అధికారులే తర్వాత చెప్పారు. మాలి 1962లో బయటికొచ్చి, నిలదొక్కుకోలేక 1984లో తిరిగి సీఎఫ్ఏలో చేరింది. 1973లో మారిటేనియా, మడగాస్కర్ వెళ్ళిపోయాయి, మళ్ళీ వెనక్కి రాలేదు. అనుభవాలు రకరకాలుగా ఉన్నాయి, ఒక్క సూత్రంతో తేల్చే విషయం కాదిది.

ఇంట్లో తాతల నాటి రూపాయి ఉంది, దాన్ని చూసి ఇదంతా తెలుస్తుందా?

కొంత తెలుస్తుంది. 1835 తేదీతో, వెనక ఈస్టిండియా కంపెనీ పేరుతో ఉంటే పైన నాలుగో విలియం. 1840 నుంచి విక్టోరియా. 1862 నాణెం మీద ఆమె రాణి, 1877 నుంచి చక్రవర్తిని. 1911 తేదీ ఉన్న అయిదో జార్జి రూపాయి దొరికితే ఆయన అంగీ మీది చిన్న ఏనుగును చూడండి, అది పందిలా ఉందని జనం అభ్యంతరం చెబితే మరుసటి ఏడాది బొమ్మ సరిచేశారు. యుద్ధం రోజుల నాణెమైతే రంగులోనే తేడా కనిపిస్తుంది, 1940లో మేలిమి వెండిని సగానికి తగ్గించేశారు. 1947 రూపాయిలో వెండి అసలే లేదు, అంతా నికెల్. ఒకవైపు పులి, రెండోవైపు ఆరో జార్జి. ఆ రాజు బొమ్మ ఉన్న నాణేలే 1950 ఆగస్టు 15న అశోక సింహాల నాణేలు వచ్చేదాకా స్వతంత్ర దేశంలో కొత్త నాణేలుగా నడిచాయి.